గంజాం ఇసుక నుంచి మోటారు అయస్కాంతం దాకా: మధ్య మజిలీ ఎవరి చేతిలో ఉంది?

క్లుప్తంగా: ఒడిశాలోని గంజాం తీరపు నల్ల ఇసుకలో రేర్ ఎర్త్ ఖనిజం, అంటే బలమైన అయస్కాంతాలకు కావలసిన లోహాలున్న ఖనిజం, ఉంది. ఈ నిల్వల్లో భారత్‌ది ప్రపంచంలో మూడో స్థానం. ఉత్పత్తిలో వాటా మాత్రం ఒక శాతం లోపే. 2025 ఏప్రిల్‌లో చైనా వీటి ఎగుమతులకు కళ్ళెం వేయడంతో కొన్ని దేశాల్లో కార్ల ఫ్యాక్టరీలు ఆగాయి. అప్పుడు ‘మన ఇసుక మన దగ్గరే ఉంది కదా’ అన్న మాట బరంపురం, ఛత్రపురం వైపు కూడా గట్టిగా వినపడింది. ఇసుకకు కొరత లేదు. కొరతంతా ఇసుకను లోహంగా, లోహాన్ని అయస్కాంతంగా మార్చే నడిమి దశల్లో ఉంది. వర్ధమాన దేశాల మధ్య కుదిరే ఖనిజ ఒప్పందాలను తూచాలంటే ముందు చూడాల్సింది ఆ నడిమి దశ ఎవరి గడ్డ మీద జరుగుతోందన్నదే.

గోపాల్‌పూర్ నుంచి ఆర్యపల్లి వైపు ఒడ్డు వెంట నడిస్తే, పెద్ద అలలు కొట్టి వెళ్ళిన మర్నాడు, తడి ఇసుక మీద నల్లటి చారలు తేలి ఉంటాయి. మధ్యమధ్య ఎర్రటి జీర కనిపిస్తుంది. నలుపు టైటానియం ఖనిజమైన ఇల్మెనైట్‌ది, ఎరుపు గార్నెట్‌ది. పాడైన కంప్యూటర్ హార్డ్‌డిస్క్‌ను విప్పి, అందులోని అయస్కాంతానికి కాగితం చుట్టి ఆ చార మీద ఆడిస్తే నల్ల రేణువులు మీసాల్లా నిక్కబొడుచుకుని అంటుకుంటాయి. మామూలు ఇసుక కదలదు. ఆ అయస్కాంతం బలమంతా నియోడిమియం అనే రేర్ ఎర్త్ లోహానిది. నియోడిమియాన్ని ఇచ్చే మోనజైట్ కూడా ఆ ఇసుకలోనే ఉంది. గసగసాల కన్నా సన్నగా, తేనె రంగులో, పిడికెడు ఇసుకలో వెతకబోతే కళ్ళు నొప్పులు పుట్టేంత తక్కువగా ఉంటుంది.

ఈ ఒడ్డున వేటకు వెళ్ళే పల్లెల్లో చాలావాటి ఇంటి భాష తెలుగు. ఒడియావాళ్ళు నోలియాలని పిలిచే మత్స్యకారులు తరతరాలుగా ఇక్కడివాళ్ళే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సు అయ్యేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి రంగం (బర్మాలోని రంగూన్) పోయినవాళ్ళు ఇటువైపు ఎందరో. ఒకప్పుడు ఈ తీరం నుంచి పైదేశాలకు వెళ్ళింది మనుషుల రెక్కల కష్టం. ఇప్పుడు వెళ్తున్నది ఇసుకలోని ఖనిజం. ఛత్రపురం దగ్గర, 16వ నంబరు జాతీయ రహదారికీ సముద్రానికీ మధ్య, అణుశక్తి శాఖ కింద నడిచే ఐరెల్ సంస్థకు ఒరిస్సా శాండ్స్ కాంప్లెక్స్ ఉంది. ఆస్కామ్ అని దానికి పొట్టి పేరు. 1980ల నుంచి అది ఇక్కడ ఇసుకను వడపోస్తోంది.

గాలించేదాకా సులువే

గని అనగానే మనసులో మెదిలే గొయ్యి, సొరంగం ఇక్కడ ఉండవు. ఇసుక మేటల మధ్య తవ్విన కొలనులో డ్రెడ్జర్ తేలుతూ, ఇసుకను నీటితో కలిపి పీల్చి, వెనకే తేలే మరో యంత్రంలోకి పంపుతుంది. అక్కడ జరిగేది వంటింట్లో బియ్యం గాలించడం లాంటిదే. గిన్నె తిప్పుతూ నీళ్ళు వంపుతుంటే తేలికైన బియ్యం నీటితో జారిపోయి బరువైన రాళ్ళు అడుగున ఆగుతాయి. ఇక్కడ జారిపోయేది మామూలు ఇసుక, ఆగేవి బరువు ఖనిజాలు. మామూలు ఇసుక నీటి కన్నా రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ బరువుంటుంది. ఇల్మెనైట్ నాలుగున్నర రెట్లు, మోనజైట్ దాదాపు ఐదు రెట్లు. మెలికలు తిరిగిన తొట్ల మీదుగా ఇసుక నీరు జారుతుంటే ఈ తేడాయే వాటిని విడదీస్తుంది. మిగిలిన ఇసుకను తీసినచోటే మళ్ళీ పోసి మొక్కలు నాటుతారు.

ఎండబెట్టిన ఖనిజం తర్వాత అయస్కాంతాల మీదుగా, అధిక వోల్టేజీ రోలర్ల మీదుగా సాగుతుంది. ఇల్మెనైట్ అయస్కాంతానికీ లొంగుతుంది, కరెంటునూ పారనిస్తుంది. రుటైల్ కరెంటును పారనిస్తుంది, అయస్కాంతానికి లొంగదు. జిర్కాన్ రెండిటికీ లొంగదు. మోనజైట్ అయస్కాంతం వైపు కాస్త మొగ్గుతుంది, కరెంటును మాత్రం పారనివ్వదు. ఏ కుప్ప ఆ కుప్పగా పడిపోతుంది. ఇంతవరకూ రసాయనాలతో పనే లేదు. బరువు ఖనిజాలున్న తీరం, కొంత పెట్టుబడి ఉంటే చాలు. ఆఫ్రికాలోనూ ఆస్ట్రేలియాలోనూ ఇదే పని జరుగుతోంది.

పదిహేడుమందిని విడదీయడం

‘రేర్ ఎర్త్’ అన్న పేరే చాలామందిని పక్కదారి పట్టిస్తుంది. 17 మూలకాలున్న ఈ కుటుంబంలో సీరియం భూమి పైపొరలో దాదాపు రాగి ఉన్నంత ఉంది. ఇవి దొరకడం కష్టం కాదు, ఒకదాన్నుంచి ఒకదాన్ని విడదీయడమే కష్టం. ఒకే కడుపున పుట్టిన కవలల్లా వీటి రసాయన గుణాలు ఇంచుమించు ఒక్కటే.

మోనజైట్ ఒక ఫాస్ఫేట్. దాన్ని కాస్టిక్ సోడాలో ఉడికిస్తే ఫాస్ఫేట్ భాగం విడివడి ట్రైసోడియం ఫాస్ఫేట్‌గా బయటికొస్తుంది. అదీ అమ్ముడుపోయే సరుకే. మిగిలిన ముద్దను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆచితూచి కరిగిస్తే రేర్ ఎర్త్‌లన్నీ క్లోరైడ్లుగా ద్రవంలోకి దిగుతాయి, రేడియోధార్మిక థోరియం ముద్దలోనే ఉండిపోతుంది. ఏడాదికి 11,200 టన్నుల మిశ్రమ క్లోరైడ్ తీయగల ప్లాంటు ఛత్రపురంలోనే ఉంది. అయితే ‘మిశ్రమ’ అన్న మాటను గమనించాలి. పప్పు, ఉప్పు, చింతపండు అన్నీ కలిపి కాచిన పులుసులోంచి ఒక్క ఉప్పును మాత్రమే వెనక్కి తీయమంటే ఎలా ఉంటుందో తర్వాతి దశ అలా ఉంటుంది.

ఆ దశలో కిరోసిన్ లాంటి నూనెలో కలిపిన ప్రత్యేక ద్రావకంతో ఆమ్ల ద్రావణాన్ని చిలుకుతారు. కాసేపు తేరనిచ్చి నూనె పొరను ముందు తొట్టికి, నీటి పొరను వెనక తొట్టికి పంపుతారు. నియోడిమియం ఒక పిసరు నూనె వైపు ఎక్కువగా వెళ్తుంది, పక్కింటి మూలకం ఒక పిసరు తక్కువగా వెళ్తుంది. ఒక్క తొట్టిలో వచ్చే తేడా చెప్పుకోదగ్గది కాదు. వందల తొట్లు దాటాకే ఒక మూలకం కావలసినంత శుద్ధంగా తేలుతుంది. మధ్యలో ఎక్కడ ఆమ్లం గాఢత తప్పినా వరస మొత్తం గాడి తప్పుతుంది. పుస్తకంలో సూత్రం ఒక పేజీ. ఆ వరసను రాత్రింబవళ్ళు గాడిలో ఉంచడం మాత్రం ఏళ్ళ తరబడి పని చేసిన చేతులకే పట్టుబడే విద్య. మన దేశంలో ఈ పని ప్రధానంగా కేరళలోని ఆలువాలో ఐరెల్ చేస్తోంది.

అక్కడితో అయిపోలేదు. శుద్ధమైన ఆక్సైడ్‌ను కరిగించిన లవణంలో విద్యుత్తుతో లోహంగా మార్చాలి. ఆ లోహాన్ని ఇనుము, బోరాన్‌తో కలిపి మిశ్రమ లోహం పోయాలి. దాన్ని కొన్ని మైక్రాన్ల సన్నని పొడిగా నూరాలి. గాలి తగిలితే అంటుకునే పొడి అది. అయస్కాంత క్షేత్రంలో ఉంచి అదిమి, 1,000 డిగ్రీలు దాటిన వేడిలో కాల్చి, కోసి, పైన పూత వేయాలి. ఈ మొత్తం మెట్లలో చైనా వాటా ఎలా పెరుగుతూ పోతుందో చూస్తే సమస్య ఎక్కడుందో అర్థమవుతుంది. తవ్వకంలో దాదాపు 70 శాతం, వేరుచేయడంలో, అయస్కాంతాల తయారీలో దాదాపు 90 శాతం. మెట్టు ఎక్కినకొద్దీ పోటీదారులు తగ్గిపోతున్నారు.

గంజాం వాళ్ళకు ఈ సంగతి మొగలి పువ్వుతో చెబితే ఇట్టే అర్థమవుతుంది. ఖనిజం దొరికే ఇసుక నేలల్లోనే మొగలి పొదలు పెరుగుతాయి. గంజాం మొగలి పువ్వుకూ దాని సారానికీ భౌగోళిక గుర్తింపు ఉంది. పువ్వు వాసన నిలవదు కాబట్టి కోసిన పూటే బట్టీకి చేరాలి. అందుకే రాగి డేగిశాలు, బట్టీలు పొదల దాపునే వెలిశాయి. కొనేవాళ్ళు ఉత్తరాది అత్తరు వ్యాపారులే అయినా, పువ్వును అత్తరుగా మార్చే పని, దానికొచ్చే కూలి, లాభంలో కొంత జిల్లాలోనే ఉంటాయి. మోనజైట్‌కు ఆ తొందర లేదు. ఎంత దూరమైనా, ఎన్నాళ్ళయినా చెక్కుచెదరకుండా ప్రయాణిస్తుంది. కాబట్టి దాన్ని ఊరి దగ్గరే సరుకుగా మార్చి తీరాలన్న ఒత్తిడి ప్రకృతి నుంచి రాదు. వస్తే విధానాల నుంచే రావాలి.

ధర అనే ఆయుధం

ఈ రంగంలో భారత్ నిన్నగాక మొన్న అడుగుపెట్టిన దేశం కాదు. 1909లో షోంబర్గ్ అనే జర్మన్ రసాయనవేత్త తిరువాన్కూరు నుంచి వచ్చిన కొబ్బరి పీచుకు అంటిన ఇసుకలో మోనజైట్‌ను గుర్తించాడు. అప్పట్లో గ్యాసు దీపాల వత్తులకు థోరియం కావాలి, దానికోసం ఆ తీరం మీద ఐరోపా కన్ను పడింది. ఐరెల్ 1950లో పుట్టింది. ఆలువా ప్లాంటు 1952లో మొదలైంది. చైనా ఈ రంగంలోకి గట్టిగా దిగింది ఆ తర్వాత చాలా కాలానికి.

మరి వెనకబడింది ఎందుకు? ప్రధాన కారణం ధర. చైనాలోని బయాన్ ఓబోలో ఇనుప ఖనిజంతో పాటే రేర్ ఎర్త్ ఖనిజమూ వస్తుంది. తవ్వకం ఖర్చులో పెద్ద భాగం ఇనుము ఖాతాలోకి పోతుంది. దానికి ప్రభుత్వ అండ తోడైంది, పర్యావరణ నిబంధనలు సడలుగా ఉన్నాయి. 1990ల్లో ప్రపంచ ధరలు నేలకు దిగాయి. ఒకప్పుడు ప్రపంచానికి సరఫరా చేసిన కాలిఫోర్నియా గని మౌంటెన్ పాస్ 2002లో మూతపడింది. ఇక్కడా చవకైన చైనా సరుకు ముందు మోనజైట్‌ను ఉడికించడం గిట్టుబాటు కాక ఆ పని కొన్నేళ్ళు ఆగిపోయింది.

2010లో రెండు దేశాలూ తమవేననే సెన్‌కాకు దీవుల వివాదం మీద జపాన్‌కు చైనా సరఫరా తగ్గింది. ధరలు ఆకాశానికంటాయి. మౌంటెన్ పాస్‌ను మళ్ళీ తెరిచారు. చైనా ఎగుమతి కోటాల మీద జపాన్, ఐరోపా, అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసి 2014లో గెలిచాయి. మరుసటి ఏడాది చైనా కోటాలు ఎత్తేసింది, ధరలు మళ్ళీ పడ్డాయి. మౌంటెన్ పాస్ నడిపిన మాలీకార్ప్ కంపెనీ 2015లో దివాలా తీసింది. కేసు గెలిచినవాళ్ళ గని ఆ గెలుపు తర్వాతి ఏడాదే మునిగింది. ధర పెరిగినప్పుడు పెట్టుబడి పెడతారు. గని, ప్లాంటు సిద్ధమయ్యేసరికి ధర పడిపోయి ఉంటుంది. పోటీదారు పుట్టేలోపే ధర తగ్గించగల స్థోమత ఒక్కరి దగ్గరే ఉంటే ‘మార్కెట్ చూసుకుంటుంది’ అన్న మాట ఇక్కడ చెల్లదు.

అమెరికా 2025 జులైలో తీసుకున్న నిర్ణయాన్ని ఈ వెలుగులో చూడాలి. అదే మౌంటెన్ పాస్‌ను ఇప్పుడు నడుపుతున్న ఎంపీ మెటీరియల్స్‌లో అక్కడి రక్షణ శాఖ వాటా కొంది. అయస్కాంతాల్లో కలిపి వాడే రెండు రేర్ ఎర్త్‌లు నియోడిమియం-ప్రసియోడిమియం కిలోకు 110 డాలర్ల కనీస ధరకు పదేళ్ళ హామీ ఇచ్చింది. మన రైతులకు తెలిసిన భాషలో చెప్పాలంటే అది ఖనిజానికి మద్దతు ధర.

ఒక అనుమతి కాగితం కోసం

2025 ఏప్రిల్ 4న చైనా సమేరియం, గడోలినియం, టెర్బియం, డిస్ప్రోసియం, లుటీషియం, స్కాండియం, ఇట్రియం అనే ఏడు మూలకాలకూ, వాటితో చేసిన అయస్కాంతాలకూ ఎగుమతి లైసెన్సు తప్పనిసరి చేసింది. అది నిషేధం కాదు. సరుకు ఎవరికి, ఎందుకు అన్నది రాతపూర్వకంగా చూపిస్తే అనుమతి ఇస్తామన్నది. ఆచరణలో అనుమతులు నెలల తరబడి నిలిచాయి. మే నెలలో షికాగోలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఫ్యాక్టరీ వారం రోజులు ఆగింది. జపాన్‌లో సుజుకి స్విఫ్ట్ తయారీ నిలిచింది. మన దేశంలో విద్యుత్ వాహనాల కంపెనీలు ఉత్పత్తి తగ్గించాల్సి వస్తుందని హెచ్చరించాయి.

విద్యుత్ కారు మోటారులో ఇలాంటి అయస్కాంతం ఒకటి రెండు కిలోలు ఉంటుంది. కారు ధరలో దాని వాటా స్వల్పం. అయినా అది లేనిదే కారు కదలదు. సరఫరా గొలుసులను నడిపేవాళ్ళు చాలాకాలం ఖర్చును బట్టే శ్రద్ధ పెట్టారు. ఎక్కువ ధర ఉన్న బ్యాటరీకి ముగ్గురు నలుగురు సరఫరాదారులు ఉంటారు, చవకైన అయస్కాంతం ఎక్కడి నుంచి వస్తోందో ఎవరూ ఆరా తీయరు. నిల్వ ఎంత తక్కువుంటే అంత లాభం అన్న పద్ధతి దీనికి తోడైంది. గోదాములో రెండు వారాల సరుకుంటే, రెండు నెలల అనుమతి ఆలస్యం ఫ్యాక్టరీని ఆపుతుంది.

డిస్ప్రోసియం, టెర్బియం ప్రత్యేకంగా చెప్పుకోవాల్సినవి. మోటారు వేడెక్కినప్పుడు అయస్కాంతం బలం జారిపోకుండా కాపాడేవి ఇవే. గంజాం మోనజైట్‌లో నియోడిమియం ఉన్నా, ఈ బరువు రకం మూలకాలు లాభసాటిగా తీయగలిగినంత లేవు. వీటికి చైనా కూడా పెద్ద ఎత్తున మయన్మార్‌లోని కచిన్ గనుల మీద ఆధారపడుతోంది. 2024 అక్టోబరులో పాంగ్వా ప్రాంతాన్ని కచిన్ సాయుధ దళం స్వాధీనం చేసుకున్నప్పుడు ఆ సరఫరా కుంటుపడింది. ఒకప్పుడు ఈ తీరంవాళ్ళు ఓడెక్కి వెళ్ళిన బర్మాయే ఈ గొలుసులో ఇంకో కీలకమైన కొసన ఉంది.

2025 అక్టోబరు 9న చైనా మరో ఐదు మూలకాలను జాబితాలో చేర్చింది. అదే నెల 30న దక్షిణ కొరియాలోని బుసాన్‌లో ట్రంప్, షీ జిన్‌పింగ్ భేటీ అయ్యారు. ఆ తర్వాత చైనా కొత్త నియంత్రణలను ఏడాదిపాటు వాయిదా వేసింది. ఏప్రిల్ నాటి లైసెన్సు విధానం మాత్రం అలాగే ఉంది. 2023 డిసెంబరులోనే వేరుచేసే, అయస్కాంతాలు చేసే పరిజ్ఞానం ఎగుమతిని కూడా ఆపింది కాబట్టి యంత్రాలు కొని తెచ్చుకునే దారీ ఇరుకైంది.

ఛత్రపురం, విశాఖ, జపాన్

గంజాంకు అన్నిటికన్నా దగ్గరి పాఠం జపాన్ ఒప్పందం. 2010 దెబ్బ తర్వాత జపాన్ రెండు పనులు చేసింది. ఆస్ట్రేలియా కంపెనీ లైనాస్‌కు 2011లో అప్పు, పెట్టుబడి ఇచ్చి, దాని ప్లాంటు మలేసియాలో నిలదొక్కుకునేదాకా ధరలు పడినప్పుడు కూడా వెన్నంటి ఉంది. ఇటు భారత్‌తో 2012లో ప్రభుత్వాల స్థాయిలో ఒప్పందం చేసుకుంది. దాని ప్రకారం ఐరెల్ మిశ్రమ క్లోరైడ్ ఇస్తుంది. టొయోటా త్సూషో అనుబంధ సంస్థ టొయోత్సు రేర్ ఎర్త్స్ ఇండియా విశాఖ దగ్గర దాన్ని వేరుచేసి జపాన్‌కు పంపుతుంది.

ఇందులో భారత్‌కు దక్కిందేమిటి? చైనా ధరలతో మూలపడిన మోనజైట్ పనికి నమ్మకమైన కొనుగోలుదారు దొరికాడు. ఛత్రపురంలో ప్లాంటు నడిచే పరిస్థితి వచ్చింది. ఆ కొనుగోలుదారే లేకపోతే ఈ రోజు మాట్లాడుకోవడానికి ఆ ప్లాంటు కూడా ఉండేది కాదేమో. వేరుచేసే పని కూడా మన గడ్డ మీదే, ఛత్రపురానికి దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరంలోనే జరిగింది. కానీ ఆ పరిజ్ఞానం, ఆ సరుకు జపాన్ కంపెనీవి. ఆ తర్వాతి లోహం, అయస్కాంతం దశలు మన దేశంలో పెద్ద ఎత్తున రాలేదు. అవి ఇక్కడ లేవు కాబట్టి ఆక్సైడ్‌ను కొనే కంపెనీ కూడా ఇక్కడ లేదు. కొనేవాళ్ళు లేరు కాబట్టి పంపడం, పంపేస్తున్నాం కాబట్టి ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టకపోవడం, ఇలా పదేళ్ళకు పైగా ఆ చక్రం తిరిగింది.

2025 జూన్‌లో దేశీయ అవసరాల కోసం జపాన్ ఎగుమతులు నిలపాలని ప్రభుత్వం ఐరెల్‌ను కోరినట్టు వార్తలొచ్చాయి. తక్షణ అవసరం దృష్ట్యా ఆ ఆలోచన సహజమే. కానీ ఇక్కడ అయస్కాంతం చేసే ఫ్యాక్టరీ లేనిదే ఆపుకున్న ఆక్సైడ్ గోదాములో ఉంటుందే తప్ప మోటారులోకి చేరదు. పైగా నమ్మకంగా పదేళ్ళు కొన్న భాగస్వామికి రాత్రికి రాత్రి తలుపు వేస్తే, రేపు అదే జపాన్‌ను అయస్కాంత పరిజ్ఞానం అడగాల్సినప్పుడు బేరం కష్టమవుతుంది. ఎగుమతి ఆపడం కన్నా, ‘ఇంత ఆక్సైడ్ ఇస్తాం, దానికి బదులుగా ఇంత అయస్కాంత సామర్థ్యం ఇక్కడ పెట్టండి’ అని ఒప్పందాన్నే మార్చుకోవడం గట్టి దారి.

పక్కవాళ్ళు ఏం చేశారు?

ఇండోనేషియా 2014లో ముడి నికెల్ ఎగుమతిని ఆపి, మధ్యలో కొంత సడలించి, 2020 జనవరి నుంచి పూర్తిగా నిషేధించింది. ఖనిజం కావలసిన చైనా కంపెనీలు సులావెసిలోని మొరోవాలికి కొలిములతో సహా తరలివచ్చాయి. ఎగుమతి విలువ బాగా పెరిగింది, అడవి, గాలి, నీరు మూల్యం చెల్లించాయి. మలేసియా 2024 నుంచి ముడి రేర్ ఎర్త్ ఎగుమతిని ఆపింది. జింబాబ్వే 2022లో ముడి లిథియం మీద అదే నిర్ణయం తీసుకుంది. చాలా వర్ధమాన దేశాలది ఇప్పుడు ఇదే బాట. అయితే నికెల్‌లో ఇండోనేషియా ప్రపంచంలోనే అతిపెద్ద ఉత్పత్తిదారు కాబట్టి మెడలు వంచగలిగింది. ప్రపంచ రేర్ ఎర్త్ ఉత్పత్తిలో ఒక శాతం లోపున్న దేశానికి ఆ బలం లేదు.

దూరం వెళ్ళనక్కర్లేదు. పక్కనే కోరాపుట్ జిల్లా దామన్‌జోడిలో నాల్కో బాక్సైట్‌ను అక్కడికక్కడే అల్యూమినాగా మారుస్తుంది. ఫ్రెంచ్ పెషినే కంపెనీ పరిజ్ఞానంతో 1980ల్లో వచ్చిన ప్లాంటు అది. కొంత అల్యూమినా ఆంగుల్ వెళ్ళి లోహమవుతుంది, కొంత రైలెక్కి విశాఖ రేవు నుంచి విదేశాలకు పోతుంది. పరిజ్ఞానం బయటిదే, యాజమాన్యం మాత్రం మనది. ఆ ఒక్క తేడా వల్ల ఏది ఎంత అమ్మాలి, ఎంత ఉంచుకోవాలి అన్న నిర్ణయం ఇక్కడే జరుగుతోంది.

ఛత్రపురం ఇల్మెనైట్ విషయంలో ఇలాంటి ప్రయత్నం ఒకటి మొదలైంది. కజకస్తాన్‌లోని ఊస్త్-కామెనోగోర్స్క్ టైటానియం, మెగ్నీషియం కంపెనీతో కలిసి ఒడిశాలో టైటానియం స్లాగ్ చేయడానికి ఐరెల్ 2024లో ఐరుక్ టైటానియం అనే ఉమ్మడి సంస్థ పెట్టింది. ముడి ఇల్మెనైట్‌గా అమ్మేదాన్ని కొలిమిలో కరిగించి, ఇనుము విడదీసి, టైటానియం గాఢత పెంచి అమ్మాలన్నది ఉద్దేశం. ఆ కంపెనీకి విమానాల్లో వాడే టైటానియం చేయడానికి ముడి సరుకు కావాలి, మనకు కొలిమి విద్య కావాలి. ఇద్దరి అవసరమూ ఎదురుబొదురుగా ఉంది. రెండు వర్ధమాన దేశాల మధ్య ఒప్పందం నిలబడాలంటే ఇంతకన్నా మంచి పునాది ఉండదు.

6,000 టన్నుల లెక్క

2025 నవంబరు 26న కేంద్ర మంత్రివర్గం 7,280 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. ఏడాదికి 6,000 టన్నుల అయస్కాంతాలు చేసే సామర్థ్యం దేశంలో రావాలన్నది లక్ష్యం. ఐదుగురు తయారీదారులను టెండరు ద్వారా ఎంపిక చేస్తారు. అమ్మకాలను బట్టి 6,450 కోట్లు, యంత్రాలకు 750 కోట్లు ప్రోత్సాహకం ఇస్తారు. 2026 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఒడిశా, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కేరళల్లో తవ్వకం నుంచి తయారీ దాకా ప్రోత్సహించే రేర్ ఎర్త్ కారిడార్ల ప్రస్తావన వచ్చింది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఈ రకం అయస్కాంతంలో రేర్ ఎర్త్‌ల వాటా దాదాపు 30 శాతం. 6,000 టన్నులకు 1,800 టన్నుల లోహం కావాలి. 2024లో భారత్ మొత్తం రేర్ ఎర్త్ ఆక్సైడ్ ఉత్పత్తి అమెరికా భూగర్భ సర్వే లెక్కన 2,900 టన్నులు. అదే ఏడాది చైనాది 2,70,000. మన మోనజైట్‌లో నియోడిమియం, ప్రసియోడిమియం కలిపి దాదాపు ఐదో వంతు. అంటే 600 టన్నులు దాటదు. జపాన్‌కు ఒక్క కిలో కూడా పంపకపోయినా అవసరంలో మూడో వంతుకు మించి తీరదు. దేశ నిల్వలు చిన్నవేం కాదు. ఆక్సైడ్ లెక్కన 69 లక్షల టన్నులని అమెరికా సర్వే అంచనా. నేలలో ఉన్నదానికీ చేతికొచ్చేదానికీ మధ్యనే ఉంది చిక్కంతా.

మోనజైట్‌లో థోరియం, కొద్దిగా యురేనియం ఉండటం వల్ల అది అణుశక్తి చట్టాల కిందికి వస్తుంది. మోనజైట్ పనిలో ఇన్నాళ్ళూ ప్రైవేటు కంపెనీలకు ప్రవేశం లేదు. ఆ జాగ్రత్తకు కారణం ఉంది. అయితే అయస్కాంతాలు ప్రైవేటు కంపెనీలు చేయాలి, వాటికి ముడి సరుకు ఒకే ప్రభుత్వ సంస్థ ఇవ్వాలి అన్నప్పుడు ఆ సంస్థ ఎంత వేగంగా పెరుగుతుందన్న దాని మీదే పథకం మొత్తం నిలుస్తుంది. మిగిలిన మూడింట రెండు వంతులు ఆస్ట్రేలియా నుంచో బ్రెజిల్ నుంచో వియత్నాం నుంచో రావాలి, లేదా మళ్ళీ చైనా నుంచే. అమ్మకాల మీద ఇచ్చే ప్రోత్సాహకం ఐదేళ్ళే. ఆరో ఏట చైనా ధర దించితే ఏం చేయాలన్నదానికి ఇప్పటి పథకంలో అమెరికా తరహా కనీస ధర లేదు.

తీరంలో మిగిలేది

మోనజైట్ ఎంత ఎక్కువ ఉడికిస్తే థోరియం ముద్ద అంత ఎక్కువ మిగులుతుంది. దాన్ని దీర్ఘకాలం భద్రంగా నిల్వ చేయాలి. లోహం, అయస్కాంతం దశల్లో వచ్చే ఉద్యోగాలు ఏ పట్నానికైనా పోవచ్చు. ఈ ముద్ద, తవ్విన కొలను మాత్రం తీరంలోనే ఉంటాయి. కారిడార్ గురించి గంజాంలో జరగాల్సిన చర్చ ఈ రెండిటి తూకం గురించే: అయస్కాంతపు ఫ్యాక్టరీ కూడా ఇసుక దగ్గరికి వస్తుందా, లేక ఇసుకే ఇంకా వేగంగా బయటికి వెళ్తుందా?

ఈ తీరం ఖాళీ నేల కాదు. ఆస్కామ్‌కు ఉత్తరాన రుషికుల్య నదీముఖం దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వేలు, లక్షలుగా గుడ్లు పెడతాయి. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల తాబేళ్ళు వచ్చాయి. వాటికోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు అక్కడ 20 కిలోమీటర్ల మేర సముద్రంలో వేట నిషేధం. తెలుగు పల్లెల్లో ఏడు నెలలు ఇంటి సంపాదన మీద ఆ నిబంధన భారం పడుతుంది. ఒక ప్రాణి కోసం బతుకుతెరువు కుదించుకున్నవాళ్ళను, అదే ఒడ్డున తవ్వకం పెరుగుతుందంటే ముందుగా అడగాల్సిన అవసరం ఉంది.

2006 నాటి పర్యావరణ నిబంధనల ప్రకారం గనికి ముందు ప్రజాభిప్రాయ సభ జరగాలి. ప్రాజెక్టు సారాంశం రాష్ట్ర అధికార భాషలోనో స్థానిక భాషలోనో ఉండాలి. 2025 సెప్టెంబరు 8న కేంద్ర పర్యావరణ శాఖ జారీ చేసిన ఆదేశంతో అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ఆ సభ నుంచి మినహాయింపు వచ్చింది. చిన్న గనులను కూడా కేంద్ర స్థాయిలోనే పరిశీలిస్తారు. తీర నియంత్రణ నిబంధనలు, అటవీ అనుమతులు ఎప్పటిలాగే వర్తిస్తాయి. అంటే ఛత్రపురం చుట్టుపక్కల కొత్త మోనజైట్ గని ప్రతిపాదన వస్తే దాని మంచిచెడ్డలు ఢిల్లీలో నిపుణుల కమిటీ ముందు తేలతాయి. ఆర్యపల్లిలో షామియానా వేసి, మైకు పెట్టి, వలలు పక్కన పడేసి వచ్చినవాళ్ళు కలెక్టరు ఎదుట తెలుగులోనో ఒడియాలోనో తమ మాట చెప్పే సభ ఆ ప్రక్రియలో ఇక తప్పనిసరి కాదు.